ఆయ్ తప్ప మరో మాట వద్దు

శనివారం పొద్దున్నే గారెల పప్పు రుబ్బుతూ రెబెకా తల్లికి ఆజ్ఞ వేసింది.

“అమ్మా, సఖినేటిపల్లి నించి అబ్బాయి వాళ్లొస్తున్నారు. నీ కువైట్ భాష బయటికి తియ్యకు. ఏమడిగినా ‘ఆయ్’ అను. అంతే.”

“నేను మాట్లాడేది తెలుగే కదే!”

“‘యల్లా, పానీ తెచ్చి ఫ్రిజ్ బంద్ చెయ్యి.’ ఇది తెలుగా?”

పాపాయమ్మ కువైట్‌లో పన్నెండేళ్లు వంట చేసింది. యజమానురాలి అరబ్బీ, డ్రైవరు హిందీ ఆమె నోట్లోనే కాపురం పెట్టాయి. మనసు బాగుంటే తెలుగు, బేరానికి హిందీ, కోపానికి అరబ్బీ. అయినా అమలాపురంలో నర్సుగా చేస్తున్న కూతురు మనసుపడ్డ సంబంధం కాబట్టి ఆ ‘ఆయ్’కి ఒప్పుకుంది.

అబ్బాయి తండ్రి ఏలీయా గారు వస్తూనే ప్రార్థన చేశారు. అందరూ “ఆమెన్” అన్నారు. పాపాయమ్మ “ఆయ్” అంది.

“పెళ్లి మా చర్చిలోనేనండి.”

“ఆయ్.”

“భోజనాలు మాత్రం మీవేనండి.”

“ఆయ్.”

రెబెకా వద్దని కళ్లతో సైగ చేసింది. గట్టిగా చెప్పమంటోందనుకుని తల్లి “ఆయ్!” అని మళ్లీ అంది.

ఏలీయా గారికి హుషారు పుట్టింది. “పెళ్లయ్యేక అమ్మాయి ఉద్యోగం మానేస్తుందండి. మా ఇంట్లో ఆడవాళ్లు డ్యూటీలకెళ్లరు.”

రెబెకా ముఖం పాలిపోయింది. పెళ్లికొడుకు సన్నీ చేతిలోని గారెనే చూస్తూ ఉండిపోయాడు. పాపాయమ్మ పెదవుల దాకా వచ్చిన ‘ఆయ్’ అక్కడే ఆగిపోయి, అరబ్బీ ‘కాదు’ బయటికొచ్చింది.

“లా! ఖలాస్! అన్నయ్యగారూ, దిమాక్ ఉందా మీకు? దీని చదువు కోసం పరాయి దేశంలో పొయ్యి ముందు మాడిపోయేను. డ్యూటీ బంద్ అంటే షాదీ కూడా బంద్! యల్లా, లెగండి!”

సంబంధం పోయిందని రెబెకా కళ్లు మూసుకుంది. అంతవరకూ తల వంచుకుని కూర్చున్న సన్నీ తల్లి ఎస్తేరమ్మ లేచి నిలబడింది.

“సహీ చెప్పేరు వదినగారూ! ఏవండీ, పదేళ్లు మస్కట్‌లో డ్యూటీ చేసింది నేను కాదా? నేను కట్టించిన ఇంట్లో కూర్చుని ఈ మాటంటారా? పైగా దార్లో నన్నూ నోరు మూసుకోమన్నారు, నా భాష మర్యాదగా ఉండదంట!”

“మస్కట్టా! ఏదీ, కూర్చోండి వదినా, చాయ్ పెడతాను.”

పెళ్లి మాటలు మొదటి నించీ మళ్లీ మొదలయ్యాయి, ఈసారి మూడు భాషల్లో. రెబెకా ఉద్యోగం నిలిచింది. భోజనాలు సగం సగం అయ్యాయి. ఏలీయా గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

“ఏమంటున్నారమ్మా వీళ్లు?” అని కాబోయే కోడల్ని అడిగారు.

“ఏమడిగినా ‘ఆయ్’ అనండి మావయ్యగారూ. అంతే.”

ఆయన అన్నారు.