మెడకు వేరే అర్జీ

వరి మొక్క తన ఒంట్లో ఊరే మందును తన తెగులుకే వాడుకోవాలన్నా, ముందుగా మండల తెగులు అనుమతుల కార్యాలయంలో అర్జీ పెట్టుకోవాలి. మందు లేక కాదు. బూజు ఆకును తాకగానే దాన్ని చంపే రసం మొక్క తయారుచేసుకోగలదు. ఆ చోట తన కణాలను తానే మాడ్చుకుని బూజుకు తిండి లేకుండానూ చేయగలదు. కిందటేడు ఒక మొక్క పాపం అలాగే చేసింది. అనుమతి లేని ఆత్మహత్యాయత్నమని దానికి నోటీసిచ్చారు.

నాంచారయ్య కౌలుకు చేస్తున్న రెండెకరాల్లో ఆ బూజు తెచ్చే అగ్గితెగులు కనబడింది. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ తిండిగింజలు ఆ చేలోవే. చేని తరఫున ఒక మొక్కను వేళ్లతో సహా తట్టలో పెట్టుకుని అతను ఆఫీసుకు వెళ్లాడు. అధికారి త్రివిక్రమరావు ఆకు మీది తెగులు మచ్చను స్కేలుతో కొలిచాడు.

"మచ్చకు నూలుకండె ఆకారం రాలేదు. మధ్యలో బూడిదరంగు కూడా రావాలి. వచ్చాక రండి."

"అప్పటికి ఆకు పోద్ది కదండీ," అన్నాడు నాంచారయ్య.

"పోతే సాక్ష్యం బలంగా ఉంటుంది."

ఎంత దయ! మొక్కను తిరిగి చేలో నాటారు. పన్నెండు రోజులకు ఆకు ఎండింది, సాక్ష్యం బలపడింది, ఉత్తర్వు వచ్చింది. ఈలోగా కంకులు వచ్చాయి, తెగులు కంకి మెడకు పాకింది. ఉత్తర్వులో ఆకు అనే ఉంది. మెడకు వేరే అర్జీ పెట్టాలన్నారు.

నాంచారయ్య గట్టు మీద కూలబడ్డాడు. "నీ మందు, నీ మెడ. కానియ్యవే తల్లీ, ఎవడు చూడొచ్చాడు?" అని మొక్కను బతిమాలాడు.

"ఆర్డరు లేకుండా ఎట్టా బాబాయ్? పక్క చేనోళ్లు ఏవనుకుంటారు?" అంది మొక్క.

అతనికి ఏడుపొచ్చింది. దాన్ని పీకి అవతల పారేద్దామన్నంత కోపమూ వచ్చింది. ఆ వారంలోనే కంకులన్నీ మెడ దగ్గర విరిగి వేలాడాయి. కోస్తే అంతా గింజ పట్టని తాలే.

త్రివిక్రమరావు వచ్చి చూసి మురిసిపోయాడు. ఇంత క్రమశిక్షణ గల వరి జిల్లాలోనే లేదని రాసి, ఆ తాలునే విత్తనంగా పంచమన్నాడు. దానికి 'వినయ' అని పేరు పెట్టారు. వేరే విత్తనం వేస్తే కౌలు కార్డు రద్దట. పంపిణీ రోజున రైతులు బుద్ధిగా వరుస కట్టారు, నాంచారయ్యా కట్టాడు.

"మొలుస్తాయంటావా అన్నయ్యా?" వెనక నుంచి సుబ్బాయమ్మ అడిగింది.

"మొలవటానిక్కూడా అర్జీ పెట్టాలంటమ్మా. వాటి తరఫున మనల్నే సంతకం చెయ్యమన్నారు. పెన్నుందా?"