కారు కారుతోంది

ఒక పెద్ద అడవిలో రోడ్లు లేవు గానీ కార్లు మాత్రం ఉన్నాయి. ఉన్న కార్లన్నిటికీ బీమా కూడా ఉంది. రోడ్లు లేని చోట కార్లు గుద్దుకోక మానవు కదా!

ఆ అడవిలో బావురయ్య అనే బావురుపిల్లి కాపురం ఉండేవాడు. నీళ్ళంటే అతనికి చచ్చేంత భయం. అలాంటివాడు కడుపు కట్టుకుని మరీ కారు కొన్నాడంటే దానికో కారణం ఉంది.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మీరు వినే ఉంటారు. మనకది సామెత. వాళ్ళకది కులాచారం. కూనలు సొంతంగా నడక నేర్చేలోగా ఏడిళ్ళు మార్చకపోతే, పెద్దయ్యాక వాటిని ఎలుకలు కూడా లెక్కచెయ్యవని వాళ్ళ నమ్మకం. బావురయ్య భార్య మీనాక్షమ్మ కొండ అవతల పుట్టింట్లో నలుగురు కూనల్ని కంది. "ఈ వానల్లో, ఈ బురదలో నోట కరుచుకుని మొయ్యడం నావల్ల కాదండీ. కారు తెండి, దర్జాగా తిప్పుదాం" అని మొగుడికి కబురు పెట్టింది.

బావురయ్య కొత్త కారులో ఈల వేసుకుంటూ బయలుదేరాడు. మలుపులో ఒక ఏనుగు వెనక్కి చూసుకోకుండా వెనక్కి నడుస్తూ వచ్చి, కారు వెనకభాగం మీద కూర్చుంది. "ఏదో మెత్తగా తగిలిందే" అనుకుంటూ లేచి తన దారిన తాను పోయింది.

బీమా కంపెనీవాళ్ళు ధర్మాత్ములు. ఖర్చంతా తామే పెట్టుకుని కారును ఎలుగుబంటి జడలయ్య గ్యారేజీకి పంపారు. జడలయ్య సొట్టలు తీసి, వెనక కొత్త అద్దం బిగించి, రంగు కొట్టి ఇచ్చాడు. కారు పెళ్ళికొడుకులా మెరిసింది. బావురయ్య దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, ఆనందం పట్టలేక బంపరు నాకాడు.

కారు ఇంటికొచ్చాక మొదటి వాన పడింది. తలుపు తీసేసరికి లోపలి నీళ్ళు బావురయ్య కాళ్ళ మీదికి దూకాయి. అతను చెట్టు మీదికి దూకాడు. ధైర్యం తెచ్చుకుని దిగి చూస్తే వెనక సీటు కింద మడుగు, మడుగులో ఒక కప్ప.

"ఇది నా కారు" అన్నాడు బావురయ్య.

"ఉండవయ్యా, ఇప్పుడే దిగాం, సామాను సర్దుకుంటున్నాం" అంది కప్ప.

అసలు సంగతేమిటంటే, అద్దం చుట్టూ రబ్బరు అంటించడానికి జిగురు కావాలి. తేనె మాత్రం జిగురు కాదా అని జడలయ్య తేనె పూశాడు. సాయంత్రానికి ఆకలేసి, పూసిందంతా తనే నాకేశాడు.

"జడలయ్యన్నా, కారు కారుతోంది!" అని మొరపెట్టుకున్నాడు బావురయ్య.

"కారు కారక ఏం చేస్తుంది తమ్ముడూ? పేరులోనే ఉంది కదా" అన్నాడు జడలయ్య మూతి తుడుచుకుంటూ. "అంత అనుమానంగా ఉంటే బీమావాళ్ళ సర్వేయరుగారిని తెచ్చుకో."

సర్వేయరు రంగనాయకులు ఊసరవెల్లి. పెళపెళలాడే ఎండలో తనిఖీకి వచ్చాడు. గ్యారేజీ గోడ పక్కన నిలబడి, గోడ రంగులోకి మారి, తప్పు కారుదే అన్నాడు. కారు పక్కకి వచ్చి, కారు రంగులోకి మారి, తప్పు గ్యారేజీదే అన్నాడు. పచ్చగడ్డి మీద కాసేపు ఆలోచించి, తప్పంతా వానాకాలానిది అన్నాడు.

"వాన పడుతున్నప్పుడు చూస్తే తెలుస్తుంది కదండీ!"

"భలేవాడివే. వానలో తిరిగితే నా రంగు దిగదూ?"

రంగనాయకులు బ్రాంచి ఆఫీసుకి పొమ్మన్నాడు. బ్రాంచివాళ్ళు పెద్దాఫీసుకి పొమ్మన్నారు. పెద్దాఫీసువాళ్ళు భోజనానికి పోయారు. వచ్చాక మళ్ళీ గ్యారేజీకే పొమ్మన్నారు. కుడితిలో పడ్డ ఎలుకను చూసి నవ్వే జాతిలో పుట్టిన బావురయ్య, ఇప్పుడు తనే కుడితిలో పడి కొట్టుకుంటున్నాడు.

ఈలోగా కొండ అవతలి నుంచి మళ్ళీ కబురొచ్చింది. "కూనలు కళ్ళు తెరిచాయి. రేపో మాపో నడుస్తాయి. ఇంతవరకు ఒక్క ఇల్లు మారలేదు. రేపు వీటిని ఎలుకలు ఎగతాళి చేస్తే, ఆ పాపం మీదే." బావురయ్యకి ఏడుపు ముంచుకొచ్చింది. కన్న బిడ్డలకి ఆ కాస్త ముచ్చట కూడా తీర్చలేకపోతున్నానే అని కుమిలిపోయాడు.

చివరికి కంపెనీ మేనేజరు దగ్గరికే వెళ్ళాడు. మేనేజరు మకరందరావు మొసలి. ఆఫీసు చెరువులో. బావురయ్య గట్టు మీదే నిలబడి దణ్ణం పెట్టాడు.

"అయ్యా, కారు కారుతోంది."

"అంటే?"

"లోపలికి నీళ్ళొస్తున్నాయండి. నష్టమండి."

మకరందరావు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయనకది అలవాటు. "నీళ్ళు పోతే నష్టమంటారు గానీ, వస్తే నష్టమేమిటయ్యా? ఊరికే వస్తున్న నీళ్ళని నష్టమంటావా! కృతజ్ఞత ఉండాలయ్యా" అని మునిగిపోయాడు.

ఇక లాభం లేదని బావురయ్య ఒక ఎత్తు వేశాడు. ఈ పెద్దమనిషిని జోరువానలో ఆ వెనక సీటులో కూర్చోబెడితే బాధ తెలిసొస్తుంది, తెల్లారేసరికి కారు బాగవుతుంది. లోకమంతా తనలాగే నీళ్ళకి భయపడుతుందనుకోవడం పిల్లులకి పుట్టుకతో వచ్చిన తెలివి.

"కూనల బారసాలకి తమరు దయచెయ్యాలి. మా కారులోనే తీసుకెళ్తాను" అని పిలిచాడు. మకరందరావు వచ్చి వెనక కూర్చున్నాడు. వాన కుండపోతగా పట్టుకుంది. బావురయ్య తోక పైకెత్తి పట్టుకుని, సీటు వీపు మీద గొంతుక్కూర్చుని, ఎప్పుడు కేక వినిపిస్తుందా అని చెవులు రిక్కించాడు.

"ఆహా!" అని వినిపించింది.

"అయ్యా?"

"ఎంత చల్లగా ఉందయ్యా! ఇన్నాళ్ళూ ఈ సదుపాయం మాకు చెప్పకుండా దాచావా?"

కప్ప మర్యాదగా ముందు సీటుకి మారింది. మకరందరావు వెల్లకిలా తిరిగి, ఈ కారును లోతుగా తనిఖీ చెయ్యాలని, అంతవరకు కంపెనీ స్వాధీనంలో ఉంటుందని ప్రకటించాడు. బావురయ్యను దారిలోనే దింపేశాడు. తడిసి ముద్దయి, చేతిలో ఉన్న కారు కూడా పోయి, అతను నెత్తి కొట్టుకున్నాడు.

వానలు కాస్త తెరిపి ఇచ్చాయి. వచ్చిన దారినే నీళ్ళు ఒక్కొక్క చుక్కా బయటికి పోయాయి. మకరందరావు వీపు సీటుకి తగిలింది. అడవి దద్దరిల్లేలా అరిచాడు.

"కారు కారుతోంది!"

ఆ కేకకి జడలయ్య అసలైన జిగురు డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు. రంగనాయకులు ఏ రంగూ లేకుండా వచ్చాడు. ఒక్క చుక్క బయటికి పోయినా తోలు తీస్తానన్నాడు మేనేజరు. జడలయ్య అద్దం, తలుపులు, అడుగు, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ జిగురు కుక్కి రబ్బరు బిగించాడు. తేనె పేరు కూడా ఎత్తలేదు.

మళ్ళీ వాన దంచి కొట్టింది. కారులోకి ఒక్క చుక్క రాలేదు. మకరందరావు ఒళ్ళు బీటలు వారింది.

"వానలో ఎండిపోతున్నానేమిటయ్యా!"

"బయటికి పోకూడదన్నారు. పోలేదు. లోపలికి రావాలని తమరు సెలవివ్వలేదండి" అన్నాడు జడలయ్య చేతులు కట్టుకుని.

"ఈ పనికిమాలిన కారు ఎవరిదో వాడి మొహాన కొట్టండి!"

బావురయ్య కారెక్కి కొండదారి పట్టాడు. సగం దారిలో మీనాక్షమ్మ ఎదురొచ్చింది. వెనకాలే నలుగురు కూనలు టింగుటింగుమని నడుస్తూ వస్తున్నారు. బావురయ్య కారు ఆపాడు.

"ఆలస్యమైపోయిందే!" అని బావురుమన్నాడు. ఎక్కడెక్కడ తిరిగాడో, ఎవరెవరు ఎక్కడికి పొమ్మన్నారో వెక్కుతూ చెప్పుకొచ్చాడు. మీనాక్షమ్మ గోళ్ళ మీద లెక్కపెట్టింది.

"ఏడు గుమ్మాలెప్పుడో దాటాయి. కూనలు తిరగకపోతేనేం, కూనల నాన్న తిరిగాడు. ఆచారం తీరినట్టే. కారెక్కండర్రా."

అందరూ పొడి సీట్ల మీద హాయిగా కూర్చున్నారు. కాసేపటికి వెనక నుంచి చిన్నకూన గొంతు వినిపించింది.

"నాన్నా, కారు కారుతోంది."

మీనాక్షమ్మ తిరిగి చూసి, చిన్నకూనని పైకెత్తింది. "కంగారు పడకండి, ఇది వాన కాదు" అంది.

నీతి: కారే కారుకి కావలసింది జిగురు కాదు, వెనక సీటులో ఒక మొసలి.