హార్డ్ డిస్క్‌కు పరామర్శ

ఆ ఉదయం తత్వశాస్త్రం లెక్చరరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరవాలి, పన్నెండేళ్లుగా రాస్తున్న పుస్తకంలో చివరి వాక్యం సరిచూసుకోవాలి, పన్నెండు లోపు ప్రచురణకర్తకు పంపాలి. "పన్నెండు దాటిందా, ఇక నన్నడగొద్దు మాస్టారూ," అని ఆ ప్రచురణకర్త ఖరాఖండిగా చెప్పి ఉన్నాడు. నాలుగుసార్లు గడువు పెంచిన మనిషి అంతకంటే మెత్తగా మాట్లాడలేడు.

లాప్‌టాప్ తెరుచుకుంది గాని మేలుకోలేదు. నల్లటి తెర మీద ఒక్క తెల్లని వాక్యం: మొదలుపెట్టడానికి ఏమీ దొరకలేదు. లెక్చరరు దాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి గుండె జారింది. రెండోసారి, సిగ్గుపడుతూనే, వాక్యం బాగుందనుకున్నాడు.

"ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి," అంది భార్య గుమ్మంలోంచి.

ఏడుసార్లు ఆపి వేశాడు. ఏడుసార్లూ అదే వాక్యం.

"నిన్న చెప్పానే, కాపీ తీశారా?"

ఆయన ఎనిమిదోసారి ఆపి వేశాడు.

"కొంప మునిగింది," అని ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. అతను ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. స్క్రూ ఉన్న ప్రతి వస్తువూ తన చేతికిందిదేనని అతని విశ్వాసం. ఆ తర్వాత తల్లికి చేసి, "అంతా పోయిందమ్మా, ఈయనకి నోట మాట లేదు. మళ్లీ చేస్తా," అని పెట్టేసింది.

ఏం పోయిందని అడగడం మర్యాద కాదని అత్తగారి సిద్ధాంతం. ముందు వెళ్లి కూర్చోవాలి. తెలిసేది దానంతట అదే తెలుస్తుంది. ఆవిడ ఇద్దరు పక్కింటివాళ్లను వెంటబెట్టుకుని, దారిలో కాలేజీకి కూడా కబురు చేసి, పదిన్నరకు వచ్చి కూర్చుంది. పదకొండుకు స్టాఫ్‌రూమ్ సగం దిగింది. పోయింది పుస్తకమని తెలిసేసరికి అందరూ ముఖాలు దించుకుని కూర్చునే ఉన్నారు. దించిన ముఖాలు చటుక్కున ఎత్తడం బాగుండదు.

"గొప్ప పుస్తకమండీ," అన్నాడు లెక్కల లెక్చరరు, ఒక్క పేజీ చదవకుండానే.

"ముఖ్యంగా ఏడో అధ్యాయమట," అంది లైబ్రేరియన్.

ఏడో అధ్యాయం ఎన్నాళ్లు దిద్దినా ఆయనకు లొంగనిది. పోయిన పుస్తకంలో తప్పులుండవని అప్పుడాయనకు తట్టింది. భుజాల మీది బరువేదో దిగినట్టయింది. ఆ తేలికదనమే ఆయనను భయపెట్టింది. తాను ప్రేమించింది పుస్తకాన్నా, పుస్తకం రాస్తున్న తననా? ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలిసింది: అది తప్పులతో సహా తనకు తిరిగి కావాలి.

పదకొండున్నర దాటాక, ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తకపోవడంతో, ప్రచురణకర్తే వచ్చాడు. గుమ్మంలో చెప్పులు, గదిలో మౌనం చూసి, సంగతి విని, ఆయన లెక్చరరు చేతులు పట్టుకున్నాడు.

"అలాంటి పుస్తకం మళ్లీ రాదు మాస్టారూ! అదే చేతికొచ్చి ఉంటే ఒక్క పేజీ తగ్గించకుండా వేసేవాణ్ణి. వీళ్లందరి సాక్షిగా చెబుతున్నా!"

అప్పుడే లోపలి గదిలోంచి బావమరిది కేక వేశాడు. "బావా! ఈ పక్కన గోరంత నల్లది ఏంటి?"

లెక్చరరు లోపలికి వెళ్లి చూశాడు. "పెన్‌డ్రైవ్. నిన్న సాయంత్రం కాపీ తీయమని మీ అక్క ఇచ్చింది."

"తీశారా మరి?"

"పెట్టాను. కాపీ తీశాక ఆ రెండోది కూడా అదే పుస్తకమవుతుందా, వేరే పుస్తకమవుతుందా అని ఆలోచిస్తూ... లేచి వెళ్లిపోయాను."

బావమరిది స్క్రూడ్రైవర్‌తో పెన్‌డ్రైవ్‌ను చూపించాడు. "లాప్‌టాప్ లేవగానే ముందు ఇందులో వెతుకుతోంది బావా. ఇందులో ఏమీ లేదు. పక్కనే ఉన్న హార్డ్ డిస్క్ వైపు చూడకుండా చేతులెత్తేస్తోంది. డిస్క్ నిక్షేపంలా ఉంది. అనవసరంగా పద్నాలుగు స్క్రూలు విప్పించారు."

పెన్‌డ్రైవ్ పీకి లాప్‌టాప్ మళ్లీ వేశాడు. తెర వెలిగింది. లెక్చరరు చివరి వాక్యం చదవనైనా చదవకుండా, పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు పుస్తకాన్ని పంపేశాడు. ముందుగదిలో ప్రచురణకర్త ఫోన్ టింగుమంది.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ప్రచురణకర్త మాత్రం ఫోన్‌లోకే చూస్తూ ఉండిపోయాడు.

"మాస్టారూ... ఇది మొత్తం ఎన్ని పేజీలు?"

"పన్నెండు వందల నలభై."

ప్రచురణకర్త నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో నిజమైన దుఃఖం కనిపించింది అప్పుడే.