నూటికి నూరు తెచ్చిన ఐస్ పెట్టె

ఆరోగ్య కేంద్రానికి మందులు కావాలి, మిషన్లు కావాలి అని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. కావలసింది తనిఖీ అండీ, తనిఖీ! అది నెలకోసారి జరిగితే దేశంలో రోగమన్నదే ఉండదు.

నమ్మరా? మా అండమాన్‌లో మొన్న జరిగింది వినండి. ఊరి పేరు మాత్రం చెప్పను, చెబితే మార్కులు తగ్గుతాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హార్బర్ దాటి రావాలి, అంతవరకు చాలు.

అందరికీ వైద్యం అందించడానికి మా ప్రాథమిక కేంద్రాలు ఎంత సిద్ధంగా ఉన్నాయో చూడటానికి ఇద్దరు అధికారులు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్లొచ్చిన రోజు మా కేంద్రాన్ని చూడాలి మీరు! గోడలకు సున్నం, కిటికీలకు కర్టెన్లు, మంచం మీద ఉతికిన దుప్పటి. కుళాయిలో నీళ్లు కూడా వచ్చాయి. ఇదంతా ఏ డాక్టరు వల్లయినా అవుతుందా?

ఒక్కటే చిక్కు. మా ఖాడీ అనే సముద్రపు పాయ చుట్టూ మూడు కేంద్రాలుంటే, పనిచేసే బీపీ మిషన్ ఒక్కటే. మిగతా రెండూ ఉప్పుగాలికి పోయాయి.

చేపలు పట్టే కుటుంబాలం. సరుకు దాటించడం మాకు ఒకరు నేర్పాలా? అధికారులు మా కేంద్రంలో మిషన్ చూసి టిక్కు పెట్టుకోగానే, నర్సు సుమ దాన్ని తువ్వాలులో చుట్టింది. డింగీ పడవ నడిపే నూకన్న చేపల ఐస్ పెట్టెలో పెట్టుకున్నాడు. తర్వాతి కేంద్రానికి జీపు కొండ చుట్టూ తిరిగి వెళ్లాలి, డింగీ అడ్డంగా దాటేస్తుంది. ఈలోగా టీతో, వేయించిన సురమయి చేప ముక్కలతో అధికారులను ఆపే బాధ్యత గ్రామ కమిటీ సభ్యుడిగా నాది. నాలుగో ముక్క దాకా ఆపగలిగానని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

మా మేనత్త యర్రమ్మకు కొన్నాళ్లుగా కళ్లు తిరుగుతున్నాయి. మిషన్ బయటికి తీశారని తెలిసి ఆయాసపడుతూ వచ్చేసరికి అది డింగీ ఎక్కేసింది.

“అదెటెల్తే నానూ అటే ఎల్తాను,” అని పెట్టె పక్కన కూర్చుంది.

రెండో కేంద్రానికి అధికారులతో పాటు నేనూ జీపులో వెళ్లాను. అక్కడ అత్త చేతికి బీపీ పట్టీ చుట్టి ఉంది. మూడో కేంద్రంలోనూ అదే అత్త, అదే పట్టీ. పెద్ద అధికారి ఆవిణ్ణి తేరిపార చూశాడు.

“మేం తెలుగోళ్లం సాబ్. అందరం ఒక్కలాగే కనపడతాం,” అన్నాడు నూకన్న నెమ్మదిగా.

అధికారి రాసుకున్నాడు. అత్త బీపీ రెండుచోట్లా నూట తొంభై. వారం వారం చూపించుకోమంది మూడో కేంద్రం నర్సు.

చివర్లో నా ముందు ఒక ఫారం పెట్టారు. మీ కేంద్రంలో కొరతలేమైనా ఉన్నాయా? ఉన్నాయని రాస్తే పాపం సుమకు మాటొస్తుంది. ఊరి పరువు కూడా ఉంది కదా! ‘ఏమీ లేవు’ అని రాసి, గుండ్రంగా సంతకం పెట్టాను.

ఫలితాలొచ్చాయి. మూడు కేంద్రాలకూ నూటికి నూరు! ఊరంతా లడ్డూలు పంచుకున్నాం. ఆఖరి పేజీ ఆ తర్వాత చదివాను. కొత్త మిషన్లు తక్కువ మార్కులొచ్చిన కేంద్రాలకేనట. మళ్లీ తనిఖీ మూడేళ్లకట. ఉన్న ఒక్క మిషనూ తిరుగు ప్రయాణంలో ఐసు నీళ్లు తాగి మూగబోయింది.

అయ్యలారా, దయచేసి మమ్మల్ని ఫెయిల్ చెయ్యండి. ఆ సురమయి ముక్కలు నావి, ఆ సంతకమూ నాదే. సున్నా వేసినా మళ్లీ లడ్డూలు పంచుతాను.

ఇప్పుడు రేవుకు ఐస్ పెట్టెతో ఏ డింగీ వచ్చినా, మా అత్త జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని ఎదురెళ్తోంది. పెట్టెలో చేపలుంటున్నాయి.