సముద్రపు చేపకు జనగామ మేత

ఆ ఆదివారం పొద్దున అరుంధతి పెట్టుకున్న పని ఒక్కటే. బస్సెక్కి దేవరుప్పుల పోయి, తమ్ముడి బిడ్డ తొట్టెల పండుగలో కడుపునిండా తిని, పొద్దుగూకేలోగా జనగామ తిరిగి రావడం. కట్టుకునే చీర మంచం మీద పరిచిందో లేదో, వాకిట్లో జీపు ఆగింది. నలుగురు మనుషులు ఒక గాజుపెట్టెను పెళ్ళికూతురి పల్లకిలా మోసుకొచ్చి, ఆమె కుట్టుమిషను బల్ల మీద దించారు.

పెట్టె వెనకాలే ఇంజనీరుగారు వచ్చారు. అరుంధతి భర్త మహిపాల్ గుమాస్తాగా పనిచేసే కాలువల ఆఫీసుకు ఆయనే పెద్ద. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. ఈ ఊరి మాట వినపడితే చాలు, చెవిలో నీళ్ళు పోయినట్టు తల విదిలించడం ఆయన అలవాటు.

"చెల్లెలి పెళ్ళికి బందరు వెళ్తున్నానయ్యా మహిపాల్. నేనొచ్చేదాకా దీన్ని చూసుకోవాలి. ఇది సముద్రపు చేప, వేటాడి తినే రకం. బతికున్న చేపపిల్ల ఎదురుగా కదలాలి, ఇది మీద పడాలి. చచ్చినదాన్ని ముట్టదు. ఆ ముళ్ళు చూశావా? విషం. నీళ్ళలో చెయ్యి పెట్టావో, అంతే సంగతులు."

ఉప్పునీళ్ళలో ఎర్రచారల చేప ఒకటి రెక్కలను విసనకర్రల్లా విప్పుకుని, ఇంటిని కొనడానికి వచ్చినదానిలా నాలుగు మూలలూ చూస్తోంది.

"సారూ, గిసొంటియి మాకు ఎరుక లేదు..." అన్నాడు మహిపాల్.

"గిసొంటియి!" ఇంజనీరుగారు ఆ మాటను సాగదీసి పలికి నవ్వారు. "దీని ముందు ఆ భాష మాట్లాడకండయ్యా, మేత మానేస్తుంది. ఇది చచ్చిందంటే మాత్రం నిన్ను మహదేవపూర్ పంపిస్తాను. గోదావరి ఒడ్డున దోమలకు మేత వేసుకుంటూ కూర్చుందువుగాని."

మహిపాల్ గుటకలు మింగాడు. అరుంధతి మింగలేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో క్లాసులు మానేసి, పోలీసుల లాఠీల ఎదుట రోడ్డు మీద కూర్చున్న పిల్ల ఆమె. పన్నెండేళ్ళు గడిచినా ఆ కూర్చున్న పద్ధతి ఇంకా ఒంట్లోంచి పోలేదు.

"నిమ్మలంగ పోయి రాండ్రి సారూ. మీరొచ్చేటాళ్లకు గిది బలిసి ఉంటది. మా తీరుగ మాట్లాడుకుంటనే పెడ్త."

జీపు వెళ్ళిపోయింది. చీర మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది.

"నీకు నోరు ఆగదా? మహదేవపూర్ అంటున్నడు!" అన్నాడు మహిపాల్, అప్పుడే దగ్గు మొదలుపెడుతూ. ఆయనకు ఉబ్బసం. భయపడినప్పుడల్లా అది ముందు నిద్ర లేస్తుంది.

"మీరు జర గమ్మునుండ్రి. బతికిందే తింటదంట! గంత నీలుగుడేంది?" అంటూ అరుంధతి మార్కెట్లో దొరికిన చచ్చిన చేపనే ముక్కలు కోసి పెట్టెలో వేసింది. చేప ఆమె వైపు వీపు తిప్పింది. ఆ పూటా అంతే, మర్నాడూ అంతే. విసనకర్రలు ముడుచుకుపోయాయి. మహిపాల్ దగ్గు ఇంటి బయటికి వినిపించసాగింది.

ఇక తప్పక అరుంధతి చేపలమ్మే సారమ్మ దగ్గరికి పోయింది.

"సచ్చినయి వద్దు. బతికున్న చిన్నచిన్న పిల్లలు కావాలె."

"గంత చిన్నయి కూరకు రావు గద బిడ్డా. ఎవ్వలికి?"

ఇంజనీరుగారి ఇంటి చాకిరీ చేస్తున్నట్టు ఊరికి తెలిస్తే పరువు పోతుందని మహిపాల్ బతిమాలి ఉన్నాడు. అందుకని అరుంధతి చేప పేరెత్తకుండా చెప్పింది. "ఉన్నడు ఇంట్ల ఒకడు. బతికిందాన్ని బతికినట్టే మింగాలెనట. సచ్చింది పెడితె మొఖం తిప్పుకుంటుండు."

సారమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. మహిపాల్ ఉబ్బసం ఊరందరికీ తెలుసు. మృగశిర కార్తె వచ్చిందంటే ఉబ్బసం వాళ్ళంతా పట్నం పోయి, బతికున్న కొర్రమట్ట చేపపిల్లతో మందు మింగి వస్తారనీ తెలుసు. ఆమె ఇంకేమీ అడగకుండా, కుండలోంచి కొర్రమట్ట పిల్లలను ఏరి చెంబులో పోసిచ్చింది.

అరుంధతి ఒకదాన్ని పెట్టెలోకి జారవిడిచింది. "ఇగో, తిను. మీ సారు మాట నెగ్గింది, ఇగ సంబురపడు."

చేప రెక్కలన్నీ విప్పింది. పిల్లను మెల్లగా మూలకు తరిమింది. నోరు తెరిచిందో లేదో, పిల్ల మాయమైంది. మహిపాల్ దగ్గు ఆగింది.

మర్నాడు ఆఫీసులో తోటి గుమాస్తా కిషన్ మహిపాల్ చెవిలో అడిగాడు. "అన్నా, మీ ఇంట్ల బతికున్న చేపను మింగుడు నడుస్తుందట గద?"

గుట్టు బయటపడిందనుకున్నాడు మహిపాల్. "ఎవ్వలతోని అనకు తమ్మీ. మస్తు పరేషాన్ అయినం. నిన్న గుటుక్కున మింగినంక జర ఊపిరి పీల్చుకున్న."

కిషన్ ఎవరితోనూ అనకుండా ఉండలేకపోయాడు. మహిపాల్ చేపను మింగి ఊపిరి పీల్చుకున్న సంగతి సాయంత్రానికి బస్టాండు చేరింది. అక్కడి నుంచి బస్సులెక్కింది, రైలెక్కింది.

రెండు రోజులు గడిచాక ఒక తెల్లవారుజామున అరుంధతి తలుపు తీస్తే, గడప నుంచి వీధి మలుపు దాకా జనం. అందరి చేతుల్లో చెంబులు, చెంబుల్లో కొర్రమట్ట పిల్లలు. ముందు నిలబడ్డవాడు దేవ్‌సింగ్, మానుకోట దగ్గరి తండా నుంచి మొదటి బండికే వచ్చాడు. పక్కన భార్య జమ్లీ గోడకానుకుని పిల్లికూతలుగా శ్వాస లాగుతోంది.

"మందు ఇయ్యక్కా. నీ పేరు చెప్పుకుంటం."

"మందేంది అన్నా? నా దగ్గర ఏ మందూ లేదు!" అరుంధతి జమ్లీని లోపల కుర్చీలో కూర్చోబెట్టి వేడినీళ్ళు ఇచ్చింది. జనాన్ని నమ్మించడానికి కిటికీ తెర పక్కకు లాగి గాజుపెట్టెను చూపించింది. "గిదిగో, సూడుండ్రి. ఆ పిల్లలు తినేది గీ చేప!"

ఎర్రచారల చేప రెక్కలు విప్పింది. జనం ఒక్కసారిగా చేతులు జోడించారు. మందిచ్చేది ఆమె కాదు, చేపే అన్న మాట మలుపు దాకా పాకింది. చేపకు నైవేద్యంగా చెంబులు వాకిట్లోని బకెట్లో ఒంపడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే ఇంజనీరుగారు బందరు నుంచి ఒకరోజు ముందుగా దిగారు.

"ఏమిటీ సంత? మీవాళ్ళకి బుద్ధనేది ఉందా అసలు?" అంటూ జనాన్ని తోసుకుంటూ వచ్చి, మెట్టు మీద మఫ్లరు చుట్టుకుని కూర్చున్న మనిషిని "ఏయ్, లే!" అని భుజం పట్టి లాగారు. మఫ్లరు జారింది. వరంగల్లో ఉండే తన పైఅధికారి, చేతిలో గ్లాసు, గ్లాసులో కొర్రమట్ట పిల్ల.

"నువ్వేమిటోయ్ ఇక్కడ?" అన్నారాయన ఆయాసపడుతూ. "నువ్వూ మందుకేనా?"

నిజం చెబితే గుమాస్తా ఇంట్లో చేపా, ఆఫీసు జీపూ బయటికొస్తాయి. "అ... అవునండీ," అన్నారు ఇంజనీరుగారు. తర్వాత అరుంధతి దగ్గరికి వంగి, "అమ్మా, ఏదో ఒకటి మందని ఇచ్చి పంపించండి," అని బతిమాలారు.

అరుంధతి గొంతు తగ్గించలేదు. "మందు లేదు సారూ. పెద్దసారుకైన, దేవ్‌సింగ్ అన్నకైన ఒక్కటే మాట. లేనిదాన్ని ఉన్నదని నేను చెప్ప."

"మహదేవపూర్..." అని వెనక నుంచి గొణిగాడు మహిపాల్.

"పంపనియ్యుండ్రి. ఆడ కూడ మనుషులే ఉంటరు."

పైఅధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఆవిడ మందు లేదంటోంది. నువ్వు మందుకొచ్చానంటున్నావు. అయితే ముందు నువ్వు మింగు, నేను చూస్తాను."

వీధంతా ఊపిరి బిగబట్టింది. ఇంజనీరుగారు గ్లాసు అందుకుని కళ్ళు మూసుకున్నారు. కొర్రమట్ట పిల్ల గొంతులో ఒక్క తన్ను తన్ని దిగిపోయింది. ఆయన కళ్ళు వెళ్ళుకొచ్చాయి, చెంపలు ఉబ్బాయి, రెండు చేతులూ రెక్కల్లా విచ్చుకున్నాయి. పెట్టెలోని చేప గాజుకు దగ్గరగా వచ్చి చూసింది.

"నాకొద్దులే," అన్నారు పైఅధికారి, మఫ్లరు మళ్ళీ చుట్టుకుంటూ.

"అయితే సారూ, మీ జీపుల జాగ ఉన్నది గద," అంది అరుంధతి ఆయనతో, మలుపులో ఆగి ఉన్న జీపు చూపిస్తూ. "గీ జమ్లీకి ఊపిరి అందుతలేదు. పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి. మీరు కూడ ఆణ్నే సూపిచ్చుకోండ్రి."

అడిగిన తీరుకు ఆయన కాదనలేకపోయారు. జమ్లీ ముందు సీట్లో కూర్చుంది. పైఅధికారి దేవ్‌సింగ్ పక్కన వెనక ఎక్కారు.

ఇంజనీరుగారు అదే పూట చేపను తీసుకుపోయారు. "బాగానే ఒళ్ళు చేసింది," అన్నారు నీరసంగా. మహదేవపూర్ పేరు ఆయన మళ్ళీ ఎత్తలేదు.

అరుంధతి దగ్గర మందు లేదని జనగామకు ఆ రోజే నమ్మకం కుదిరింది. మర్నాడు తెల్లవారేసరికి చెంబుల వరుస ఇంజనీరుగారి గేటు ముందు నిలబడి ఉంది.