ఏడున్నర మైల

ఆ శనివారం పొద్దున సాయిలు అనుకున్న పని చాలా చిన్నది. బర్రెల పాలు పిండి, వాడుక ఇళ్లకు పోసి, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లి బంతిపూలు తేవాలి. ఆయన వచ్చేలోగా భార్య బుచ్చమ్మ కొత్త కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు కడిగి ఉంచుతుంది. తెల్లవారితే ఛత్రినాకలో బోనాలు. ఆ గల్లీ పోచమ్మకు ఈ ఏడు మొదటి బోనం వాళ్ల ఇంటి నుంచే లేవాలి.

మొదటి బోనం అంటే మాటలు కాదు. అది ఇంటింటికీ వంతుల మీద వస్తుంది. బుచ్చమ్మ కోడలిగా కాలుపెట్టాక ఆ వంతు ఒకే ఒక్కసారి వాళ్ల గడప దాకా వచ్చింది. సరిగ్గా ఆ వారమే అత్త కన్నుమూసింది. మైల పట్టిన ఇంటి నుంచి బోనం లేవకూడదు కనుక వంతు తర్వాతి ఇంటికి పోయింది. అత్త బతికుండగా పెట్టిన ఆరళ్లన్నీ బుచ్చమ్మ మరిచిపోయింది గాని, ఆ వారం చూసుకుని చచ్చిపోవడం మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. మళ్లీ ఇన్నాళ్లకు వంతు వచ్చింది. ఇది కూడా తప్పితే, ఇంకోసారి వచ్చేసరికి కుండ ఎత్తే ఓపిక తనకు ఉండదని ఆమెకు తెలుసు.

ఇంత సంబరం ఉండాల్సిన ఇంట్లో శుక్రవారం సాయంత్రం ఒక చావు జరిగింది. టీవీలో.

గల్లీలో దాన్ని ఎవరూ పేరుతో పిలవరు, ‘ఏడున్నర’ అంటారు. ఏడున్నరకు వచ్చే సీరియల్ కనుక. అందులో కమలాక్షమ్మ అని ఒక పెద్ద కోడలు ఉంది. నాలుగేళ్లుగా ఆ తల్లికి ఒక్క పూట సుఖం లేదు. అందరికీ వండి పెడుతుంది, అందరిచేతా మాటలు పడుతుంది, దేవుడి గదిలోకి వెళ్లి చప్పుడు కాకుండా ఏడుస్తుంది. శుక్రవారం నాడు ఆమె మెట్ల మీంచి పడింది. డాక్టరు బయటికి వచ్చి కళ్లద్దాలు తీసి, తల అడ్డంగా ఊపాడు. నర్సు తెల్లగుడ్డ పైదాకా కప్పింది. ఆ సమయానికి సాయిలు ఎప్పట్లాగే సాయంత్రం పాలు పోయడానికి వెళ్లి ఉన్నాడు. తిరిగి వచ్చి అన్నం తిని పడుకున్నాడు. పక్కన భార్య కళ్లు తెరుచుకునే ఉందన్న సంగతి గమనించలేదు. గమనించే అలవాటు ఆయనకు లేదు.

పొద్దున బుచ్చమ్మ తలస్నానం చేసింది గాని పొయ్యి వెలిగించడానికి చేతులు రాలేదు. కుండ ముందేసుకుని సున్నం పూస్తూ, మధ్యమధ్య కొంగుతో కళ్లొత్తుకుంటోంది. పైవాటాలో అద్దెకుండే అమల పాలగిన్నెతో దిగి వచ్చి ఆ అవతారం చూసి నిలబడిపోయింది. ఆ పిల్ల ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకు గాని ఇల్లు చేరదు కనుక ఏడున్నర ప్రపంచం గురించి ఆమెకు ఏమీ తెలియదు. ఏమైందని అడిగింది.

"ఏం జెప్పాలె బిడ్డా," అంది బుచ్చమ్మ. "మా అక్క పోయింది. రాత్రి దవాఖానల పానం ఇడిచింది."

సొంత అక్కా అని అమల మెల్లగా అడిగింది. సొంతమేమిటి, పరాయేమిటి, నాలుగేళ్లుగా ఆమె గొంతు వినకుండా ఒక్క దినం గడవలేదని బుచ్చమ్మ చెప్పింది. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవారు కాబోలనుకుని అమల కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. ఆమె మంచి పిల్ల. మంచివాళ్లు ఊరుకోరు. మేడెక్కుతూనే గల్లీ వాట్సాప్ గ్రూపులో, ‘మన బుచ్చమ్మ ఆంటీ అక్కగారు నిన్న రాత్రి చనిపోయారు’ అని పెట్టింది.

నిమిషాల మీద చేతులు జోడించిన బొమ్మలు వరుస కట్టాయి. ఒకాయన ‘ఓం శాంతి’ అన్నాడు. ఇంకొకాయన, పోయినామె ఎంతో మంచిదనీ, ఒకసారి వాళ్లింట్లో తాను చాయ్ కూడా తాగాడనీ రాశాడు. దానికింద మరికొందరు అవునవునన్నారు.

సాయిలు ఆ వార్త గుడిమల్కాపూర్‌లో బంతిపూల గుట్ట ముందు నిలబడి చదివాడు. చదివి, తన భార్యకు అక్క ఎవరా అని ఆలోచించాడు. సొంత అక్కలు లేరు. పెద్దమ్మ బిడ్డలు, పెద్దమ్మ ఆడపడుచు బిడ్డలు, వరసకు అక్కలయ్యేవాళ్లు మాత్రం షాద్‌నగర్ నుంచి వికారాబాద్ దాకా ఉన్నారు. ఏ అక్క అని ఫోన్ చేసి అడగవచ్చు. కానీ పెళ్లయిన ఇన్నేళ్లకు ‘మీ అక్క ఎవరు’ అని, అదీ ఆమె చచ్చిన పూట అడిగిన మొగుడికి ఏ గతి పడుతుందో ఆయనకు తెలుసు. అడగకూడదని నిశ్చయించుకున్నాడు. ఆ రోజు జరిగిన తప్పులన్నింటిలో పెద్దది ఇదే.

మైల పట్టిన ఇంటికి బోనం పూలు ఎందుకని తట్టలో పోయించిన బంతిపూలు తిరిగి గుట్టలో పోశాడు. పాపం, బుచ్చమ్మ వంతు మళ్లీ పోయింది. పూలమ్మే మనిషి సంగతి తెలుసుకుని, శవం మీద వేసే నిండు దండ ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

దండ భుజాన వేసుకుని సాయిలు ఇంట్లో అడుగుపెట్టాడు. బుచ్చమ్మ దండను చూసింది, మొగుణ్ని చూసింది. ఏడున్నర పేరెత్తితే ‘ఏడుపుగొట్టు’ అని వెక్కిరించే మనిషి, తన బాధ చూసి కమలాక్షమ్మకు దండ తెచ్చాడు. పెళ్లినాటి నుంచి ఆయన మీద ఉన్న ఫిర్యాదుల్లో సగం అక్కడికక్కడే కొట్టివేసింది.

"నీకు గూడ తెలిసిందా," అంది బుచ్చమ్మ.

"అందరికి తెలిసింది. శవం ఎప్పుడు తీస్తరట?"

"ఇయ్యాల ఏడున్నరకు తెలుస్తది."

"పొద్దుగూకినంక తీస్తరా?"

"కొడుకు రావాలె గద. జైల్ల ఉన్నడాయె."

సాయిలు పాలక్యాను మీద కూలబడ్డాడు. జైల్లో ఎందుకున్నాడని అడిగాడు.

"ఖూనీ కేసు. ఆ పిలగాడు చెయ్యలే. ఆస్తి కోసం చిన్నకోడలు మీదేసింది."

అత్తవారి వైపు ఖూనీల దాకా వ్యవహారం నడుస్తుంటే తనకు ఒక్క ముక్క తెలియదు. ఇంత సంగతి ఇన్నాళ్లూ తనకెందుకు చెప్పలేదని ఆయన నొచ్చుకుంటూ అడిగాడు. బుచ్చమ్మ కుండను పక్కన పెట్టింది.

"నువ్వు ఎన్నడన్న పొద్దుగూకినంక నా పక్కన కూసుంటె గద చెప్పేది," అంది.

నిజానికి ఆమె చెప్పినదాంట్లో ఆ ఒక్కటే సాయిలుకు సంబంధించినది. తల వంచుకుని, దండను నీళ్లు చల్లి గోడకున్న మేకుకు వేలాడదీశాడు.

అంతలో పరామర్శకు జనం వచ్చారు. ముందు గుడి పెద్ద పెంటయ్య, ఆయన వెనక ఎదురింటి లీలమ్మ, ఆ వెనక గల్లీ. లీలమ్మ చెడ్డది కాదు. కాకపోతే వంతుల్లో బుచ్చమ్మ తర్వాతి ఇల్లు ఆమెది. వాకిట్లో సున్నం, పసుపు పూసి ఆరబెట్టిన కొత్త కుండను చూడగానే లీలమ్మ చెయ్యి నోటికి పోయింది. చావు ఇంట్లో బోనం కుండ ముట్టుకున్నారా అని పక్కామెతో అంది. పక్కామె ఆ వెనకామెతో అంది.

పెంటయ్య కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"బుచ్చమ్మా, వచ్చేది వస్తది, పోయేది పోతది. అక్క వరస చావుకు మూడు దినాల మైల. ఈసారి మొదటి బోనం లీలమ్మ ఎత్తుతది. నువ్వు మనసుల పెట్టుకోకు."

బుచ్చమ్మకు ముందు అర్థం కాలేదు. దండ, జనం, సాయిలు మొహం, మేడ మెట్ల మీద కన్నీళ్లతో నిలబడ్డ అమల, అన్నీ ఒక్కొక్కటే చూసింది. అప్పుడు అర్థమైంది. ఆమె ముందు రెండే దారులున్నాయి. ఊరుకుంటే పరువు దక్కుతుంది, బోనం పోతుంది. నిజం చెబితే బోనం దక్కవచ్చు గాని, టీవీ మనిషి కోసం పొయ్యి ఆర్పుకున్న బుచ్చమ్మ అని గల్లీ చచ్చేదాకా చెప్పుకుంటుంది. ఆమె కుండ వైపు చూసింది.

"బాపూ, మా ఇంట్ల ఎవ్వరు పోలె," అంది. "పోయింది ఏడున్నర కమలాక్షమ్మ."

సాయిలు గోడకున్న దండ వైపు తిరిగి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అమల ఫోన్‌ తీసి, గ్రూపులో పెట్టిన మాట చెరిపేద్దామని చూసింది గాని అప్పటికే గల్లీ అంతా చదివేసింది.

నవ్వుతారని బుచ్చమ్మ కాచుకుంది. ఎవరూ నవ్వలేదు. కొందరు ఆడవాళ్లు నేలచూపులు చూశారు. నిజానికి ఆ పొద్దున ఆ గల్లీలో చాలా ఇళ్లలో చాయ్ ఆలస్యమైంది. ఎవరికి వారు తామొక్కరే వెర్రివాళ్లమనుకుని బయటికి చెప్పలేదు.

లీలమ్మ మాత్రం వదల్లేదు. చేతికి వచ్చిన బోనం జారిపోతుంటే ఎవరు వదులుతారు? పొయ్యి ముట్టించలేదు, తలకు పోసుకుంది, శవం దండ తెప్పించింది, మనసులో మైల పట్టాక అది మైల కాకుండా ఎట్లా పోతుందని వాదించింది. వాదనలో పస ఉందని కొందరు తలలూపారు.

"నవ్వాలనుకుంటె నవ్వుండ్రి," అంది బుచ్చమ్మ. "పొద్దుగూకితె ఇంట్ల నాతోని మాట్లాడే మనిషి లేడు. ఈయన బర్రెలకాడ, పాలకాడ. నాలుగేండ్ల సంది దీపం పెట్టే యాళ్లకు నా ఇంటికి వచ్చింది ఆమె ఒక్కతే. ఏడ్చిన, నిజమే. గంత మాత్రాన నా బోనం తీసుకపోతరా?"

ఇప్పుడందరూ పెంటయ్యను చూశారు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఏడున్నరకు ఆయనకు రోజూ మోకాళ్ల నొప్పులు వస్తాయి. గుడి మెట్లు ఎక్కలేక ఎనిమిది దాకా ఇంట్లోనే ఉండిపోతాడు. దాన్ని గల్లీ వయసు మీద తోసేసింది. ఆయన కళ్లు తెరిచాడు.

"ఆమె సచ్చిందని చెప్పిందెవలు?" అన్నాడు నిదానంగా.

డాక్టరు అన్నారు ఆడవాళ్లు.

"ఆ డాక్టరు ఎవలు? చిన్నకోడలు తమ్మునికి దోస్తు. పోయిన బోనాలప్పుడు దొంగ సర్టిఫికెట్ ఇచ్చింది వాడే. గుడ్డ కప్పిన్రు గాని మొఖం చూసినోళ్లు ఉన్నరా?"

ఎవరూ లేరు. మోకాళ్ల నొప్పుల సంగతి అందరికీ ఒక్కసారిగా బోధపడింది. అయినా పెద్దమనిషిని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. చావు రుజువు కాకుండా మైల అనకూడదు, రుజువైతే లీలమ్మ మాట కూడా ఆలోచించాలి, కనుక తీర్పు ఏడున్నరకు అని చెప్పి పెంటయ్య లేచాడు. సాయిలు మళ్లీ గుడిమల్కాపూర్ పరుగెత్తి, ఏ తీర్పు వచ్చినా పనికొస్తాయని బంతిపూలు తెచ్చాడు.

సాయంత్రం బుచ్చమ్మ ఇంటి టీవీని వాకిట్లోకి తెచ్చి పెట్టారు. పెంటయ్య ముందు కుర్చీలో, లీలమ్మ చాప మీద, మిగతావాళ్లు గోడల మీద, మెట్ల మీద. సాయిలు ఆ పూట పాలు ముందే పోసి వచ్చి, పెళ్లయిన నాటి నుంచి మొదటిసారి ఏడున్నరకు భార్య పక్కన కూర్చున్నాడు. తెర మీద కమలాక్షమ్మ కొడుకు బెయిలు మీద వచ్చాడు. బట్టలసబ్బు ప్రకటన వచ్చింది. దాన్ని కూడా అందరూ అంతే గంభీరంగా చూశారు. కొడుకు మంచం దగ్గరికి నడిచాడు. ఆ గది దాటడానికి అతనికి చాలాసేపు పట్టింది. తెల్లగుడ్డ అంచు పట్టుకున్నాడు. చిన్నకోడలి మొహం మూడుసార్లు చూపించారు.

వాకిట్లో ఎవరో సన్నగా, "బతకాలె తల్లీ, బతకాలె," అంటున్నారు. బుచ్చమ్మ తిరిగి చూసింది. లీలమ్మ. రెండు చేతులూ జోడించుకుని, కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా లేదు. కమలాక్షమ్మ బతికితే తన బోనం పోతుందన్న సంగతి లీలమ్మకు ఆ క్షణాన గుర్తున్నట్టు లేదు.

కొడుకు గుడ్డ లేపబోయాడు. ఉరిమింది. బొమ్మ అక్కడే ఆగిపోయింది. మిగతాది సోమవారం అని అక్షరాలు పడ్డాయి. ఆదివారం ఏడున్నర రాదు. ఆదివారమే బోనం.

పెంటయ్య లీలమ్మ వైపు తిరిగాడు.

"ఫిర్యాదు నీది బిడ్డా. నువ్వే చెప్పు. ఉన్నదా, పోయిందా?"

లీలమ్మ ముక్కు చీదుకుంది. కుండను చూసింది, బుచ్చమ్మను చూసింది. ఆ మాట నోటికి రావడానికి ఆమె లోపల ఏదో పెద్దదాన్ని పక్కకు జరపాల్సి వచ్చింది.

"పోయిందని నా నోటితోని ఎట్లంట బాపూ," అంది. "బుచ్చక్కనే ఎత్తనియ్యి."

బుచ్చమ్మ లేచి వెళ్లి ఆమె పక్కన చాప మీద కూర్చుంది. ఇద్దరూ కాసేపు కలిసి ఏడ్చారు. మరునాడు డప్పుల మధ్య మొదటి బోనం బుచ్చమ్మ తల మీద లేచింది. ఆమె అడుగు వెనక అడుగు వేస్తూ లీలమ్మ నడిచింది. సాయిలు బర్రెల కొట్టం వదిలి గుడి దాకా వచ్చాడు.

సోమవారం ఏడున్నరకు కొడుకు తెల్లగుడ్డ తీశాడు. కింద రెండు తలగడలున్నాయి. తలగడలకు మైల ఉండదని పెంటయ్య తీర్పు చెప్పి, మోకాళ్లు పట్టుకుని లేచాడు.