రెండు స్తంభాల మధ్య శభాష్

ఆ ఉదయం స్టోర్స్ మేడమ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. దారిలో బేకరీ దగ్గర ఆగి ఒక కేకు కొనడం, ఆఫీసులో భోజనాల వేళ అందరికీ తలా ఒక ముక్క పెట్టడం, పెద్ద ముక్క తాను తినడం. పుట్టినరోజు కాదు, పెళ్లిరోజు కాదు. ముందురోజు సాయంత్రం అపార్టుమెంటు సెల్లారులో, రెండు స్తంభాల మధ్య ఉన్న ఇరుకు జాగాలో, కారును రివర్సులో తీసుకెళ్లి మొదటి ప్రయత్నంలోనే నిలిపింది. యాభయ్యో ఏట డ్రైవింగు నేర్చుకుని, సెల్లారు దాకా వచ్చి తాళాలు భర్త చేతిలో పెడుతూ వచ్చిన మనిషికి అది చిన్న సంగతి కాదు.

"దీనికి కేకా?" అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తకుండా. "నేను రోజూ పెడుతున్నాగా, నాకెవరైనా కొన్నారా?"

"మీరు పెట్టినప్పుడల్లా స్తంభానికి రంగు కొన్నాం కదండీ" అని ఆవిడ తాళాలు తీసుకుంది.

బేకరీ ఆయన క్రీమ్ గొట్టం పట్టుకుని, ఏం రాయమంటారని అడిగాడు.

"శభాష్ అని రాయండి."

"ఎవరికండీ?"

"నాకే."

ఆయన ఒకసారి ఆవిడ వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసి, అక్షరాలు దిద్దాడు.

ఆవిడ పనిచేసేది నీటి పంపులు తయారుచేసే కంపెనీలో. అక్కడ ఏ బేరింగు ఏ అరలో ఉందో ఆవిడ కళ్లు మూసుకుని చెప్పగలదు. స్టోర్స్ ఇన్‌చార్జి పదవి ఇవ్వమని అడిగినప్పుడల్లా మేనేజరు "చూద్దాం మేడమ్" అంటాడు, చూడడు. ఆయనదే ఇంకో రూలు కూడా ఉంది. పుట్టినరోజుల పేరుతో పని ఆగిపోతోందని ఆఫీసులో కేకులు నిషేధించాడు. ఉద్యోగం మానేసి వెళ్లేవాళ్లకు మాత్రం మినహాయింపు. అందువల్ల అక్కడ కేకు పెట్టె కనబడిందంటే ఎవరో సెలవు తీసుకుంటున్నట్టే లెక్క. ఈ సంగతి మేడమ్‌కు తెలియనిది కాదు. సెల్లారు విజయం తలకెక్కి, మరిచిపోయింది.

ఆవిడ పెట్టెను ఫ్రిజ్‌లో పెడుతుంటే టైపిస్టు చూసింది.

"అయ్యో మేడమ్! మాకు ఒక్క మాటైనా చెప్పలేదే!"

"చెప్పుకోవడానికి మొహమాటమేసిందమ్మా. లంచ్‌లో అన్నీ చెబుతా."

టైపిస్టు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. తన గెలుపుకి ఇంత కరిగిపోయే మనుషులున్నారా అని మేడమ్ పొంగిపోయింది.

కబురు మేనేజరు గదికి చేరింది. అక్కణ్ణుంచి, కిటికీ పక్కనున్న మేడమ్ సీటు మీద ఎప్పణ్ణుంచో కన్నేసిన ఆయన బావమరిది దాకా పోయింది. బావమరిది టేపు పట్టుకొచ్చి ఆవిడ టేబులు కొలిచాడు.

"ఈ కుర్చీ ఎత్తు తగ్గుతుందాండీ?"

"తగ్గదు. ఎందుకూ?"

"ఊరికే" అని తన మంచినీళ్ల సీసా ఆ టేబులు మీద పెట్టి వెళ్లాడు. ఆవిడ దాన్ని కిందకి దించింది. కాసేపటికి అది మళ్లీ ఎక్కింది.

ఈలోగా టైపిస్టు ఊరుకోలేక మేడమ్ భర్తకి ఫోన్ చేసింది. "మేడమ్ ఉద్యోగం మానేస్తున్నారు సార్. మీరైనా చెప్పండి!" పొద్దున తానన్న మాటకే అలిగి ఆవిడ ఇంత పని చేస్తోందని భర్త తేల్చుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టీ పెట్టక ముందే ఆటో పిలిచాడు.

భోజనాల వేళ మేడమ్ కేకు తీసుకుని హాల్లోకి వెళ్లేసరికి కుర్చీలు వరసగా వేసున్నాయి. ముందు వరసలో కంపెనీ యజమాని, పెద్దాయన, కూర్చుని ఉన్నాడు. ఎవరో ఆవిడ చేతిలో పూలగుత్తి పెట్టారు. ఒక్క కారు పార్కింగుకి ఇంత హడావుడేమిటా అని ఆవిడకి మొదటిసారి అనుమానం వచ్చింది. అడిగేలోపే మేనేజరు లేచాడు. వెళ్లిపోయేవాళ్లను పొగిడితే పోయేదేమీ లేదు గనక ధారాళంగా అందుకున్నాడు.

"స్టోర్స్ నేను నడుపుతున్నానని అందరూ అనుకుంటారు. ఏ బోల్టు ఎక్కడుందో నాకివాళ్టికీ తెలీదు! అంతా మేడమే, నేను సంతకం పెట్టేవాణ్ణి. ఈవిడ మనల్ని వదిలి వెళ్లకపోతే ఇన్‌చార్జి పదవి ఈవిడకే ఇమ్మని పెద్దాయనకి నేనే చెప్పేవాణ్ణి. ఏం చేస్తాం, మన దురదృష్టం!"

"నేనెక్కడికి వెళ్తున్నాను?" అంది మేడమ్.

అదే సమయానికి తలుపు తోసుకుని భర్త వచ్చిపడ్డాడు.

"ఏమోయ్, తొందరపడకు! పొద్దున నోరు జారాను. కారు నువ్వే పెట్టుకో, కేకు నువ్వే తిను, ఉద్యోగం మాత్రం మానకు!"

"కారుకీ కేకుకీ ఏమిటి సంబంధం?" అన్నాడు పెద్దాయన.

మేడమ్ పూలగుత్తిని బావమరిది ఒళ్లో పడేసింది.

"నేను చెబుతానండీ. నిన్న మా సెల్లారులో కారు రివర్సులో పెట్టాను. ఎవరూ వెనక నిలబడి చెప్పకుండా, దేనికీ తగలకుండా పెట్టాను. నాకు సంతోషమేసింది, కేకు కొనుక్కున్నాను. పిల్లల మార్కులకి స్వీట్లు పంచాను, ఈయన ప్రమోషన్‌కి పంచాను, ఎందుకని ఎవరూ అడగలేదు. ఈ వయసు ఆడది తన కోసం కేకు కొనుక్కుంటే మాత్రం సర్దుకుని వెళ్లిపోతోందనా? నేనెక్కడికీ వెళ్లను. నా కుర్చీ ఎత్తు కూడా తగ్గదు!"

టైపిస్టు చప్పట్లు కొట్టింది. పెద్దాయన మేనేజరు వైపు తిరిగాడు.

"ఈవిడ వెళ్లడం లేదటగా. ఇందాకటి సిఫార్సు ఖాయమేనా?"

"అది... అంటే సార్... సందర్భాన్ని బట్టి..."

"అబద్ధం చెప్పారా?"

"లేదు సార్! ఖాయమే!"

బావమరిది తన సీసా తెచ్చుకోవడానికి వెళ్లాడు. మేడమ్ కత్తి తీసుకుని, శభాష్ అని రాసున్న భాగమంతా ఒకే ముక్కగా కోసి తన పళ్లెంలో పెట్టుకుంది. మిగిలింది అందరూ పంచుకున్నారు.

సాయంత్రం ఇంటికి వచ్చాక భర్త అలవాటుకొద్దీ సెల్లారులో దిగి కారు వెనక నిలబడ్డాడు. "రా... రా... కొంచెం ఎడమకి..."

మేడమ్ కారు కిటికీ అద్దం పైకెత్తుకుంది. ఆ తరవాత ఆ స్తంభానికి రంగు కొనవలసిన అవసరం రాలేదు.